మంచు సంచికి ఏ బట్ట నిలుస్తుంది

స్వీయబంధనం (తనను తానే కట్టేసుకోవడం) నుంచి విడుదల కోసం, మంచు కరిగాకే చేతికి అందేలా తాళంచెవిని మంచుగడ్డలో ఉంచి వేలాడదీసే మీ రేయాన్ సంచి కుట్ల దగ్గర చిరిగిపోతోందని అడిగారు. రేయాన్ పోగు తడిసినప్పుడు తన బలంలో దాదాపు సగం కోల్పోతుంది కనుక అది నిలవదు. నూలుబట్ట తడిస్తే మరింత గట్టిపడుతుంది గానీ, విశాఖ ఉక్కపోతలో సరిగా ఆరక బూజు పడుతుంది. నైలాన్ తడికి కొంత సాగుతుంది. అందువల్ల వాషింగ్ మెషీన్‌లో వాడే జాలీ సంచుల వంటి పాలిస్టర్ జాలీని, పాలిస్టర్ దారంతోనే రెండు వరుసలుగా కుట్టి వాడటం మేలు.

అయితే గాలి ఆడే జాలీలో మంచు త్వరగా కరుగుతుంది. పైగా మన సముద్రపు గాలిలోని తేమ మంచుగడ్డపై నీరుగా మారుతూ వేడిని విడుస్తుంది కాబట్టి, జనవరిలో కుదిరిన సమయం మే నెలలో కుదరదు. ప్రతి కాలంలోనూ ముందుగా కట్టుకోకుండానే పరీక్షించాలి.

బట్ట ఎంత గట్టిదైనా తాళంచెవి జాలీలో చిక్కుకోవచ్చు. మంచుతో సంబంధం లేని రెండో తాళంచెవి గానీ మొనలేని కత్తెర గానీ కట్టిన చేతులకు అందేలా ఉండాలి, విషయం తెలిసిన మనిషి ఇంట్లో ఉండాలి, మెడ చుట్టూ ఏదీ ఉండకూడదు. ఈ మూడింటిలో ఏది కుదరకపోయినా ఆ రోజుకు మానుకోండి.