మరుగు స్థానంలో ‘మరుగు’ ఏది?

సందేహం: హైస్కూల్లో సైన్సు చెబుతాను. ద్రవం మరిగే ఉష్ణోగ్రతను కొన్ని పుస్తకాలు ‘మరుగు స్థానం’ అంటే, కొన్ని ‘భాష్పీభవన స్థానం’ అంటున్నాయి. ‘మరుగు’ అనగానే పిల్లలకు మరుగుదొడ్డి గుర్తొచ్చి నవ్వుతున్నారు. రెండో మాట వాడుకోవచ్చా?

సమాధానం: వద్దండీ, మొదటిదే వాడండి. మరుగుదొడ్డిలోని మరుగు నామవాచకం, చాటు అని అర్థం. మరుగున పడడం, కనుమరుగు కావడం దాని కోవలోవే. మరుగు స్థానంలోది క్రియ: నీళ్లు మరుగుతున్నాయి, మరిగాయి. రూపం ఒకటే, మాటలు వేరు.

రెండో మాటతో అసలు చిక్కు అర్థంలో ఉంది. ‘ఈభవనం’ అని చివర చేరితే అంతకుముందు కానిది అలా కావడమని భావం. బాష్పమంటే ఆవిరి; బాష్పం కానిది బాష్పమైందని చెబుతుందే గాని, ఎలా అయిందో చెప్పదు. దండెం మీద తడి చీర ఆరడమూ బాష్పీభవనమే. దానికి 100 డిగ్రీలు ఎందుకు? మన ఇళ్లలో ఈ తేడాకు మాటలు ఎప్పుడో ఉన్నాయి. మూత లేని గిన్నెలో నీళ్లు ఇగిరిపోతాయి, పొయ్యి మీద ఎసరు మరుగుతుంది. తెలంగాణలో మసులుతుంది అంటారు.

ఎసరు గిన్నె దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి. అడుగున బుడగలు పుడతాయి, పైకి రాకముందే అణిగిపోతాయి. బుడగ లోపలి ఆవిరి ఒత్తిడి, అంటే బాష్ప పీడనం, బయటి గాలి ఒత్తిడికి ఇంకా చాలలేదన్నమాట. 20 డిగ్రీల దగ్గర నీటి బాష్ప పీడనం సుమారు 17.5 మిల్లీమీటర్ల పాదరసం; 100 డిగ్రీలకు 760, సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడితో సమానం. అప్పుడిక బుడగ నిలుస్తుంది, పైకొచ్చి పగులుతుంది, నీళ్లు తెర్లుతాయి. అదీ మరగడమంటే. ఇథైల్ ఆల్కహాల్‌కు 20 డిగ్రీల దగ్గరే దాదాపు 44 ఉంటుంది, అందుకే 78కే మరుగుతుంది.

బయటి ఒత్తిడి మారితే ఈ ‘స్థానం’ కూడా జరుగుతుంది. హైదరాబాద్‌లో నీళ్లు సుమారు 98కే మరుగుతాయి, ప్రెషర్ కుక్కర్లో 120 దాకా పోవాలి. అందుకే నాకు ‘మరిగే ఉష్ణోగ్రత’ అన్న మాట ఇంకా నచ్చుతుంది. పిల్లల నవ్వు సమస్యా తీరుతుంది.

ఇంకొక్కటి. మీరు ‘భాష్పీభవనం’ అని రాశారు. ‘బాష్పం’లో ఉన్నది బ, భ కాదు. ఆనందబాష్పాల్లోనిదీ ఈ మాటే; సంస్కృతంలో ఆవిరికీ కన్నీటికీ కూడా ఈ పేరుంది.