జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టేనా?

పర్లాకిమిడి నుంచి పలాస షాపుకు జీడిపప్పు రేటు వాట్సాప్‌లో పంపారు, జవాబు లేదు, ఒప్పుకున్నట్టేనా అని అడిగారు. కాదండీ. 1872 కాంట్రాక్టు చట్టం కింద మౌనం మామూలుగా అంగీకారం కాదు. సెక్షన్ 7 ప్రకారం ఒప్పుకోలు షరతుల్లేకుండా ఉండాలి. మీరు కిలో 800 అంటే వాళ్లు "750కైతే సరే" అన్నారనుకోండి, అది కొత్త ప్రతిపాదన, మీ పాతది పోయినట్టే. తర్వాత వాళ్లు మనసు మార్చుకుని 800కే అడిగినా మీరు ఇవ్వక్కర్లేదు. చాలా గొడవలు ఇక్కడే మొదలవుతాయి, కాబట్టి "సరే" అన్న మాట రాతలో తీసుకోండి. ఒడిశా, ఆంధ్రా రెండింటికీ ఇదే చట్టం.

అంగీకారం అనే మాటకు ఒక్కో చోట ఒక్కో అర్థం. వాణిజ్య బిల్లుకైతే (ఇంత డబ్బు చెల్లించమని ఒకరు ఇంకొకరికి రాసే పత్రం), చెల్లించాల్సినవాళ్లు దానిమీద సంతకం పెట్టడమే అంగీకారం. సాఫ్ట్‌వేర్‌లో, కొన్నవాళ్లు వాడి చూసి పాస్ చేయడం. మానసిక చికిత్సలో మాత్రం ఇంకొకరితో పనిలేదు: బాధ ఉందని గుర్తించడం, అంతే. అది నచ్చిందనీ కాదు, ఓడిపోయామనీ కాదు.