రిఫరీని తిట్టినా కార్డు రాదేం?

ఫుట్‌బాల్ మైదానంలో నోటిదురుసు గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువ వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: పెదవుల కదలిక చూస్తేనే తెలిసిపోతుంది, ఆ స్ట్రైకర్ రిఫరీని పచ్చిబూతు తిట్టాడని. రిఫరీ మాత్రం ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయాడు. దీనికి శిక్ష లేదా? వీడియో రిఫరీ ఏం చేస్తున్నట్టు?

జవాబు: శిక్ష ఉంది, గట్టిదే ఉంది. ఆట నిబంధనల్లో పన్నెండోది రెండు తప్పుల్ని విడదీస్తుంది. రిఫరీ నిర్ణయాన్ని మాటతోనో చేష్టతోనో ధిక్కరిస్తే ఎల్లో కార్డు, అంటే హెచ్చరిక. ఎవరినైనా సరే దూషించినా, అవమానించినా, అసభ్యంగా మాట్లాడినా నేరుగా రెడ్ కార్డు, అంటే మైదానం వదిలి పోవాల్సిందే. ‘అదెలా ఫౌల్ అవుతుంది?’ అని చేతులు విసిరితే మొదటి కోవ. అదే మాటకు బూతు తగిలించి రిఫరీ ముఖమ్మీద అంటే రెండో కోవ. బంతి ఆటలో ఉండగా తిడితే, రిఫరీ అందుకోసమే ఆట ఆపినప్పుడు ప్రత్యర్థులకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ కొట్టడానికి వీల్లేని కిక్) వస్తుంది. ఆఖరి విజిల్ మోగాక, రిఫరీ ఇంకా మైదానంలోనే ఉండగా తిట్టినా కార్డు చూపవచ్చు.

మరి ఎందుకు చూపరు? ఒక్కోసారి నిజంగానే వినపడదు. కెమెరా లెన్సు ఆటగాడి ముఖాన్ని మన గదిలోకి తెచ్చి పెడుతుంది. రిఫరీకేమో అదే క్షణంలో వేల గొంతుల హోరు, పైగా అతని చూపు బంతి మీద. ఒక్కోసారి ఆ తిట్టు తన మీదో, గోల్ తప్పిన నిస్పృహ మీదో తేల్చుకోలేడు. మూడో కారణం మాత్రం క్షమించదగినది కాదు. ఐదో నిమిషంలోనే పేరున్న ఆటగాణ్ని బయటికి పంపితే మ్యాచ్ చెడిపోతుందన్న జంకుతో విన్నది విననట్టు ఊరుకోవడం. ఆ ఊరుకోవడమే చూసేవాళ్లకు నిబంధన అయిపోతుంది.

ఇక వీడియో రిఫరీ సంగతి. నేరుగా రెడ్ కార్డు పడే సంఘటనలను అతను పరిశీలించవచ్చు. కానీ దూషణ విషయంలో అతని పరిధిలో ఉన్నవి ‘చేష్టలు’ మాత్రమే, మాటలు కావు. ఆటగాడు మధ్యవేలు చూపిస్తే రిఫరీని పిలిచి చూపించవచ్చు. అదే అర్థం వచ్చే మాట అంటే పిలవకూడదు. పెదవులు చదివి తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో ఆలోచిస్తే ఈ హద్దు సబబే.

భాష తెలియకపోతే మరీ చిక్కు. 1966 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో, వెంబ్లీలో, అర్జెంటీనా కెప్టెన్ రాటిన్‌ను జర్మన్ రిఫరీ క్రైట్లైన్ బయటికి పంపాడు. రిఫరీకి స్పానిష్ రాదు. దుబాసీ కావాలని అడుగుతూ రాటిన్ చాలాసేపు మైదానం వదల్లేదు. ఆ మ్యాచ్ గందరగోళం చూశాకే, ఆ కప్‌లో రిఫరీల బాధ్యత చూసిన కెన్ ఆస్టన్‌కు ట్రాఫిక్ లైట్ల రంగుల్లో కార్డుల ఆలోచన వచ్చింది; 1970 మెక్సికో ప్రపంచ కప్‌లో అవి అమల్లోకి వచ్చాయి. భాష తెచ్చే తగువు ఇప్పటికీ తీరలేదు. 2025 ఫిబ్రవరిలో ఒసాసునాతో మ్యాచ్‌లో రియల్ మాడ్రిడ్ ఆటగాడు బెల్లింగ్‌హామ్‌కు 39వ నిమిషంలో రెడ్ కార్డు పడింది. ఇంగ్లీషులో తానన్న మాటను స్పెయిన్ రిఫరీ తప్పుగా అర్థం చేసుకున్నాడన్నది అతని వాదన. రెండు మ్యాచ్‌ల నిషేధం తప్పలేదు.

ప్రశ్న: అప్పుడు వదిలేసినా, తర్వాత టీవీ దృశ్యాలు చూసి శిక్షించవచ్చు కదా?

జవాబు: శిక్షిస్తారు. నిలబడుతుందన్న నమ్మకం లేదు. 2017 మార్చిలో చిలీతో ప్రపంచ కప్ అర్హత మ్యాచ్‌లో అసిస్టెంట్ రిఫరీని దూషించాడని మెస్సీ మీద ఫిఫా నాలుగు మ్యాచ్‌ల నిషేధం వేసింది. బొలీవియాతో ఆటకు అతను దూరమయ్యాడు, అర్జెంటీనా 0-2తో ఓడింది. మే నెలలో అప్పీల్ కమిటీ మెస్సీ ప్రవర్తనను తప్పుపడుతూనే, సాక్ష్యం చాలదని మిగతా శిక్ష కొట్టేసింది.

చిన్న లీగుల్లో రిఫరీలుగా ఉన్నవాళ్లు ఇందులోంచి పట్టుకోవాల్సింది ఒకటే: మీ నివేదికే మీ సాక్ష్యం. ‘అసభ్యంగా మాట్లాడాడు’ అని రాస్తే విచారణలో అది నీరుగారిపోతుంది. అన్న మాట ఏ భాషలో అన్నాడో ఆ భాషలోనే, అక్షరం మార్చకుండా రాయండి. ఏ నిమిషం, జెర్సీ నంబరు ఎంత, ఎన్ని అడుగుల దూరం, ఎవరి వైపు తిరిగి అన్నాడు, ఇంకెవరు విన్నారు, ఇవన్నీ ఉండాలి. బూతు రాయడానికి సిగ్గుపడి చుక్కలు పెడితే, ఆ చుక్కల్లో ఏ మాటైనా ఇరికించుకునే వీలు అవతలి పక్షానికి ఇచ్చినట్టే. మాట గుర్తుండగానే, మైదానం పక్కనే కార్డు వెనక రాసుకోండి.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల అబ్బాయి తన అభిమాన ఆటగాడు రిఫరీని తిట్టిన మాటను మర్నాడు తమ్ముడి మీద వాడాడు. మ్యాచ్‌లు చూపించడం మానేయాలా?

జవాబు: మానేయనక్కర్లేదమ్మా. ఆ మాట వాడికి వచ్చేసింది, టీవీ కట్టేస్తే వెనక్కి పోదు. 1961లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బాండూరా అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఒక పెద్దమనిషి గాలిబొమ్మను కొడుతూ కొన్ని మాటలు అనడం చూసిన పిల్లల్లో కొందరు దెబ్బలతోపాటు ఆ మాటల్నీ దించేశారు. 1965లో ఆయనే ఇంకో మెట్టు ముందుకు వెళ్లారు. కొందరికి ఆ పెద్దమనిషిని మెచ్చుకున్నట్టు, కొందరికి దండించినట్టు, కొందరికి ఏమీ జరగనట్టు చూపించారు. దండన చూసిన పిల్లలు తక్కువ అనుకరించారు. కానీ ‘నువ్వు చూసింది చేసి చూపిస్తే బహుమతి ఇస్తాం’ అనగానే వాళ్లూ అంతా చేసి చూపించారు! అంటే నేర్చుకోవడం అందరిలోనూ జరిగింది. ఆ పనికి దండన పడటం చూసినవాళ్లు మాత్రం ఆపుకున్నారు.

కాబట్టి మీరు చూపించాల్సింది ఫలితం. తిట్టు వినపడిన నిమిషంలోనే, ఆట నడుస్తుండగానే, మామూలు గొంతుతో అడగండి: ‘ఇప్పుడు రిఫరీ నిర్ణయం మార్చుకున్నాడా?’ మార్చుకోడు. పిల్లలకు ఇది ఉపన్యాసం కంటే వేగంగా ఎక్కుతుంది. కార్డు పడితే దాని తర్వాతి కథ కూడా చెప్పండి. 2008 మార్చి 23న మాంచెస్టర్ యునైటెడ్‌తో మ్యాచ్‌లో లివర్‌పూల్ ఆటగాడు మస్చెరానో అప్పటికే ఒక ఎల్లో కార్డు మీద ఉన్నాడు. సహచరుడికి కార్డు ఎందుకిచ్చావని, తనకు సంబంధం లేని గొడవలోకి పరుగెత్తుకెళ్లి రెండోది తెచ్చుకుని బయటికి పోయాడు. మొదటి సగం ముగియకముందే జట్టు పదిమందికి పడింది, 0-3తో ఓడింది.

చేయకూడనివి రెండు. బూతు వినగానే ఇంట్లోవాళ్లు నవ్వకండి, అంతకు మించిన బహుమతి పిల్లలకు లేదు. రెండోది, టీవీ ముందు కూర్చుని మీరు రిఫరీని గుడ్డివాడనీ అమ్ముడుపోయాడనీ అనకండి. తెర మీద ఆటగాడి కంటే పక్కనున్న నాన్న మాటే ముందు అంటుకుంటుంది.

ప్రశ్న: ఇరవై రెండేళ్ల కుర్రాడు ఆవేశంలో ఒక మాట జారితే ఇంత రభసా? వాళ్లు ఆటగాళ్లు, నీతిపాఠాలు చెప్పే పంతుళ్లు కారు.

జవాబు: మీ మాటలో సగం న్యాయం ఉంది. 2011 ఏప్రిల్ 2న వెస్ట్‌హామ్ మీద హ్యాట్రిక్ కొట్టిన వేన్ రూనీ, ఆ ఊపులో కెమెరాలోకి చూస్తూ బూతు మాటలు అరిచాడు. ఎవరినీ ఉద్దేశించి కాదు. రెండు మ్యాచ్‌ల నిషేధం పడింది, మాంచెస్టర్ సిటీతో వెంబ్లీలో జరిగిన ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్ పోయింది. అతను లేని యునైటెడ్ 0-1తో ఓడింది. ఆ శిక్ష ఎక్కువని అప్పుడు అన్నవాళ్లున్నారు, ఆ వాదనలో పస ఉంది.

రిఫరీని తిట్టడం అలాంటిది కాదు. అక్కడ ఎదుటి మనిషి తిరిగి ఒక్క మాట అనలేడు. అతనికి అభిమానులు లేరు, పక్కన నిలబడే జట్టు లేదు. ఆటగాడు ఇంట్లో ఎలా ఉంటాడు, ఏం తాగుతాడు అన్నవి మనకు అనవసరం. ఆదర్శమని అడిగేది తొంభై నిమిషాలపాటు, జవాబివ్వలేని మనిషి పట్ల ఎలా ఉన్నాడన్నదాని గురించే. అది పెద్ద బరువేమీ కాదు.

ప్రశ్న: పన్నెండేళ్ల లోపు జట్టుకు శిక్షణ ఇస్తున్నాను. ప్రతి విజిల్‌కూ ఆరుగురు రిఫరీ చుట్టూ మూగుతున్నారు. ఎలా ఆపాలి?

జవాబు: 2024 యూరో కప్‌లో ‘కెప్టెన్ మాత్రమే’ పద్ధతి పెట్టారు. రిఫరీ నిర్ణయం గురించి మాట్లాడేందుకు కెప్టెన్‌కే వీలు, మిగతావాళ్లు దగ్గరికొస్తే ఎల్లో కార్డు. గోల్‌కీపరే కెప్టెన్ అయితే అంతదూరం పరుగెత్తి రాలేడు కాబట్టి, మైదానంలో ఆడే ఇంకొకరి పేరు ముందే ఇవ్వాలి. ఇదే మీరూ పెట్టండి. కెప్టెన్‌గా గట్టిగా అరిచేవాణ్ని కాక, విన్నది వచ్చి మిగతావాళ్లకు సరిగ్గా చెప్పగలవాణ్ని ఎంచుకోండి. పొరపాటు జరిగేది ఈ ఎంపికలోనే.

ప్రాక్టీసులో ఒక అలవాటు చేయించవచ్చు. ఇరవై నిమిషాల ఆట పెట్టి, విజిల్ ఐదేసి నిమిషాలు ఒక్కో పిల్లాడికి ఇవ్వండి. ప్రతి వంతులో ఒకసారి మీరు చెవిలో చెప్పి కావాలనే తప్పు నిర్ణయం ఇప్పించండి. మూడు లెక్కపెట్టేలోపు తమ స్థానాల్లోకి చేరిన జట్టుకు పాయింటు. రెండు జట్లకూ సమానంగా తప్పులు పడాలి, లేకపోతే పిల్లలు అన్యాయమనే నేర్చుకుంటారు. ఆట అయ్యాక ఏవి కావాలని చేయించారో చెప్పేయండి. విజిల్ పట్టుకున్న పిల్లాడికి ఐదు నిమిషాల్లో తెలిసొచ్చేది మీరు నెలంతా చెప్పినా రాదు.

మ్యాచ్‌లో అయితే సిన్ బిన్ బాగా పనిచేస్తుంది. ధిక్కారానికి ఎల్లో కార్డు చూపి, ఆటగాణ్ని కొంతసేపు బయట కూర్చోబెట్టడం. ఇంగ్లాండ్‌లో కింది స్థాయి లీగుల్లో 2019-20 నుంచి అమలు చేస్తున్నారు. అంతకుముందు ప్రయోగం చేసిన లీగుల్లో ధిక్కారం 38 శాతం తగ్గిందని ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్‌ఏ) ప్రకటించింది. తొంభై నిమిషాల ఆటకు పది నిమిషాలు. మీ ఆట యాభై నిమిషాలదైతే ఐదు నుంచి ఏడు చాలు, మొత్తం ఆటలో పది, పదిహేను శాతం అన్నది లెక్క. ఆటగాడు బయటికి వెళ్లాక ఆట మళ్లీ మొదలైనప్పటి నుంచి గడియారం చూడాలి. జరిమానా కట్టేది నెలాఖరున అయితే పిల్లాడికి బాధ తెలియదు; ఇది అప్పటికప్పుడు, జట్టు కళ్ల ముందు తగులుతుంది.

ప్రశ్న: రగ్బీలో రిఫరీ మాటలు టీవీలో వినిపిస్తాయి. ఫుట్‌బాల్‌లోనూ మైకు పెడితే నోళ్లు అదుపులో ఉంటాయి కదా?

జవాబు: 1989లో మిల్‌వాల్, ఆర్సెనల్ మ్యాచ్‌కు ఒక టీవీ డాక్యుమెంటరీ కోసం రిఫరీ డేవిడ్ ఎలెరేకు మైకు తగిలించారు. ఆర్సెనల్ కెప్టెన్ టోనీ ఆడమ్స్ రిఫరీని మోసగాడనడం అందులో రికార్డయింది. ఫుట్‌బాల్ ఇప్పుడిప్పుడే తలుపు కాస్త తీస్తోంది. 2023 మహిళల ప్రపంచ కప్‌లో వీడియో సమీక్ష తర్వాతి నిర్ణయాన్ని రిఫరీలు మైకులో ప్రకటించారు. 2025 క్లబ్ ప్రపంచ కప్‌లో రిఫరీల ఒంటి మీది కెమెరా దృశ్యాలు ప్రసారమయ్యాయి. మన అభిప్రాయం అడిగితే, పూర్తిగా వినిపించడమే మేలు. మొదటి నెల బూతులే వినబడతాయి, ఆ నెలను ఓర్చుకోవాలి. ఇంగ్లాండ్‌లో 2023 నుంచి పెద్దల కింది స్థాయి లీగుల్లో రిఫరీలు ఛాతీ మీద కెమెరా పెట్టుకుని చూశారు. ఆ దృశ్యాలు టీవీకి కాదు, గొడవ జరిగితే విచారణ ముందు పెట్టడానికి.