విశాఖలో లోకల్ టీవీ ఛానల్ చేతులు మారుతోందంటే జనం అభ్యంతరం చెల్లుతుందా?

అమ్మకాన్ని ఆపే హక్కు ప్రేక్షకులకు లేదు. శాటిలైట్ ఛానల్ అనుమతిని మరో కంపెనీకి బదిలీ చేయాలంటే, 2022 మార్గదర్శకాల ప్రకారం కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ముందస్తు ఆమోదం కావాలి; అయితే ఆ పరిశీలన కొత్త యాజమాన్యపు అర్హతల మీద, భద్రతా అనుమతి మీద నడుస్తుందే తప్ప ఊరివారి ఇష్టాయిష్టాల మీద కాదు. కేబుల్ సంస్థే సొంతంగా నడిపే లోకల్ ఛానల్ అయితే ‘ప్లాట్‌ఫాం సర్వీసు’ కిందికి వస్తుంది. అందులో స్థానిక వార్తలు వేయాలంటే ఆ సంస్థ కంపెనీగా నమోదై ఉండాలి.

అలాగని జనం ఆందోళనను కొట్టిపారేయలేము. ఉక్కు కార్మికుల ధర్నా, గాజువాకలో ఆగిన కుళాయి నీళ్లు, చందనోత్సవం నాడు సింహాచలం క్యూలైన్లలో తోపులాట వంటివి రాష్ట్రస్థాయి ఛానళ్లలో తరచూ ఒక స్క్రోలింగ్‌తో సరిపోతాయి. కొత్త యజమాని ఏ పార్టీ మనిషి అన్నదే అందరూ అడుగుతారు గానీ, నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న వీధుల్లో తిరిగే విలేకరులను, కెమెరామెన్లను ఉంచుతారా, లేక ఖర్చు తగ్గింపు పేరిట హైదరాబాద్ బులెటిన్‌నే ఇక్కడా తిప్పుతారా అన్నది.

యాజమాన్యం మారాక ప్రసారం, టీవీలో ఏం చూపకూడదో చెప్పే నియమావళి అయిన ప్రోగ్రామ్ కోడ్‌ను ఉల్లంఘిస్తే మాత్రం, 2021లో సవరించిన కేబుల్ నిబంధనల ప్రకారం ముందు ఛానల్‌కు, అక్కడ న్యాయం జరగకపోతే ఛానళ్లు కలిసి ఏర్పాటు చేసుకున్న స్వీయ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. స్థానిక వార్తలు తగ్గాయన్నది ఆ కోడ్ పరిధిలోకి రాదు.