టెక్సస్‌లో జ్యూరీ సమన్స్ వస్తే: ఫారం నుంచి పన్నెండో కుర్చీ దాకా

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాం. సిటిజన్‌షిప్ వచ్చి కొద్ది నెలలైంది, అప్పుడే జ్యూరీ సమన్స్ వచ్చింది. గ్రీన్ కార్డ్ మీదున్న మా ఆవిడకీ వచ్చింది. నాది గంటల లెక్కన సాఫ్ట్‌వేర్ కాంట్రాక్ట్ జాబ్. తప్పించుకునే దారి ఉందా? అసలు మనుషుల్ని ఎలా ఎంచుతారు?

జవాబు: ముందు మీ ఆవిడ కాగితం సంగతి చూడండి, మీది తర్వాత. టెక్సస్‌లో జ్యూరీ జాబితాని ఓటర్ల లిస్టు, డ్రైవింగ్ లైసెన్స్ లిస్టు, స్టేట్ ఐడీ లిస్టు కలిపి తయారుచేస్తారు. అందుకే లైసెన్స్ ఉన్న గ్రీన్ కార్డ్ వాళ్లకీ, హెచ్1బీ వాళ్లకీ సమన్స్ వస్తుంటాయి. వచ్చింది కదా అని వెళ్లి కూర్చోకూడదు. మనకి వర్తించదులే అని చెత్తబుట్టలోనూ వేయకూడదు. ఫారంలో అమెరికా పౌరులు కారు అన్న గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి, గడువులోపు పంపేయాలి. ఒక కాపీ ఇంట్లో దాచుకోవాలి. పౌరురాలినని టిక్కు పెట్టారంటే మాత్రం అది చిన్న పొరపాటుగా పోదు. పౌరులం కాకుండానే పౌరులమని చెప్పుకోవడం ఇమిగ్రేషన్ చట్టంలో డిపోర్టేషన్ దాకా తీసుకెళ్లే తప్పు. రేపు సిటిజన్‌షిప్ దరఖాస్తు ఎన్-400 నింపేటప్పుడు ఈ మాట సూటిగా అడుగుతారు.

మీరు దీనికి తిరగేసి చేయకండి. "సిటిజన్ కాదని రాసెయ్, వదిలేస్తారు" అనే సలహా మనవాళ్లలో తరచూ వినిపిస్తుంది. ఆ కారణంతో పక్కన పెట్టిన పేర్లు కోర్టు క్లర్క్ దగ్గర నుంచి ఓటర్ల రిజిస్ట్రార్‌కి వెళ్తాయి. పౌరసత్వం రుజువు చేసుకోమని నోటీసు వస్తుంది. 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే ఓటు రద్దు. పైగా అబద్ధం రాసినట్టు సంతకంతో సహా కాగితం వాళ్ల దగ్గరే ఉంటుంది.

ఇక మినహాయింపులు. 12 ఏళ్లలోపు పిల్లలుండి, మీరు వెళ్తే చూసుకునేవాళ్లు లేకపోయినా, కాలేజీలో చదువుతూ క్లాసులకి వెళ్తున్నా, తమ పని తాము చేసుకోలేని మనిషికి మీరే ప్రధాన సంరక్షకులైనా మినహాయింపు అడగొచ్చు. జీతం పోతుందన్నది ఈ లిస్టులో లేదు. ఆర్థిక కారణంతో ఎవరినైనా వదలాలంటే కేసులోని ఇరుపక్షాలూ అక్కడుండి ఒప్పుకోవాలని టెక్సస్ చట్టం. జడ్జి ఒక్కడే జాలిపడి పంపించలేడు. కాబట్టి మీలాంటివాళ్లకి పనికొచ్చేది వాయిదా. అంతకుముందు ఏడాదిలో వాయిదా తీసుకోకుండా, ఆరు నెలల లోపు మరో తేదీకి ఒప్పుకుంటే క్లర్క్ ఇచ్చేస్తారు. ప్రాజెక్ట్ రిలీజ్ లేని వారం చూసుకుని అడగండి.

డబ్బు లెక్క ఇదీ. టెక్సస్‌లో 2023 సెప్టెంబరు నుంచి మొదటి రోజుకి కనీసం 20 డాలర్లు, తర్వాత రోజుకి కనీసం 58. ఫెడరల్ కోర్టులో రోజుకి 50. జీతం ఇచ్చి తీరాలని టెక్సస్‌లో ప్రైవేటు కంపెనీలకి నిబంధన లేదు. నెలజీతం మీదుండి ఓవర్‌టైమ్ వర్తించని ఉద్యోగికి ఒక వెసులుబాటు ఉంది: ఆ వారంలో కొంతైనా పని చేసి ఉంటే, జ్యూరీకి వెళ్లిన రోజుల జీతం కంపెనీ కోయకూడదు, జ్యూరీ ఫీజు వరకు తగ్గించుకోవచ్చు. మీలా గంటల లెక్క వాళ్లకి అది లేదు. జ్యూరీకి వెళ్లినందుకు ఉద్యోగం తీసేయకూడదన్న చట్టం కూడా పర్మనెంట్ ఉద్యోగుల గురించే మాట్లాడుతుంది. సమన్స్ అందిన రోజే మీ ఎంప్లాయర్‌కీ, క్లయింట్ మేనేజర్‌కీ ఈమెయిల్‌లో కాపీ పంపండి. నోటిమాట చాలదు.

ఎంపిక దగ్గరికి వద్దాం. పేరు ఎంపికే గానీ నిజానికి అది ఏరివేత. పెద్ద నేరం (ఫెలనీ) కేసుకి 60 మందిని కోర్టు హాల్లోకి పంపారనుకోండి. ఒక్కొక్కరికీ ఒక నంబరు, నంబరు వరసలోనే కూర్చోబెడతారు. ముందు లాయర్లు ప్రశ్నలడుగుతారు. నిష్పక్షపాతంగా ఉండలేనన్నవాళ్లని జడ్జి తీసేస్తారు. దీనికి పరిమితి లేదు. ఆ తర్వాత మరణశిక్ష కోరని ఫెలనీలో, నిందితుడు ఒక్కడే ఉంటే, ప్రాసిక్యూషన్‌కి 10, డిఫెన్స్‌కి 10 పేర్లు కారణం చెప్పకుండా కొట్టేసే హక్కు ఉంటుంది. ఇద్దరూ విడివిడిగా లిస్టు మీద గీతలు గీసి క్లర్క్‌కి ఇస్తారు. రెండు లిస్టుల్లోనూ గీత పడని మొదటి 12 మందే జ్యూరీ. అంటే 12కి 20 కలిపి మొదటి 32 నంబర్లలోనే జ్యూరీ తేలిపోతుంది. జడ్జి తీసేసినవాళ్లు ముందు వరసల్లో ఎనిమిది మంది ఉంటే ఆ హద్దు 40వ నంబరు దాకా జరుగుతుంది. మీ నంబరు 7 అయితే సిద్ధపడి ఉండండి. 58 అయితే సాయంత్రానికి ఇల్లు చేరే అవకాశమే ఎక్కువ. కౌంటీ కోర్టులో చిన్న నేరం కేసైతే ఆరుగురే జ్యూరీ, చెరి మూడు గీతలు.

ఈ వరసని మార్చే మెలిక ఒకటుంది, దాన్ని షఫుల్ అంటారు. ప్రశ్నలు మొదలుకాకముందు ఏ పక్షమైనా అడిగితే నంబర్లన్నీ కలిపేసి కొత్త వరస తీయాలి. ముందు వరసల్లో ఎవరు కూర్చున్నారో కళ్లారా చూశాకే అడగొచ్చు, అసలు సమస్య అక్కడే. జాతిని బట్టి పేర్లు కొట్టేయకూడదని 1986లో అమెరికా సుప్రీంకోర్టు బాట్సన్ కేసులో తీర్పిచ్చింది. అయినా మీ డాలస్ కౌంటీ కేసే అయిన మిల్లర్-ఎల్‌లో, 2005లో సుప్రీంకోర్టు చూస్తే, అర్హులైన 11 మంది నల్లజాతివారిలో 10 మందిని ప్రాసిక్యూషన్ కొట్టేసింది. షఫుల్ వాడిన తీరునీ కోర్టు తప్పుపట్టింది. ఎందుకు కొట్టేశారని అడిగితే లాయర్లు ఏదో ఒక కారణం చెప్పి బయటపడటం ఇప్పటికీ కష్టం కాదు. అరిజోనా విసిగిపోయి 2022 నుంచి కారణం చెప్పకుండా కొట్టేసే హక్కునే ఎత్తేసింది.

టెక్సస్ ఫెలనీలో తరచూ వినబడే ప్రశ్న శిక్ష గురించి. ఇక్కడ నిందితుడు కోరితే శిక్ష కూడా జ్యూరీయే వేస్తుంది. అందుకని "ఈ నేరానికి ప్రొబేషన్ (జైలుకి పంపకుండా పర్యవేక్షణలో ఉంచడం) నుంచి గరిష్ఠ శిక్ష దాకా మొత్తం పరిధిని ఆలోచించగలరా?" అంటారు. లేదా "నిందితుడు నోరు విప్పకపోతే అతని మీద అనుమానం పెంచుకుంటారా?" అంటారు. లాయర్ ఒక్కో వరసనీ అడుగుతూ పోతుంటే నంబరు కార్డు ఎత్తాలి. ఇందులో తప్పు జవాబు లేదు, మనసులో ఉన్నదే చెప్పండి. బంధువులెవరైనా ఇలాంటి నేరానికి బలై ఉంటే, అందరి ముందు వద్దు, జడ్జి దగ్గరకొచ్చి చెబుతానని అడగొచ్చు.

"ఇంగ్లిష్ రాదు" అనే ఎత్తు మీకు నడవదు. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లోనే దాటారు, ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో. యాస ఉండటం అనర్హత కాదు. అర్థం కాని మాట వస్తే చెయ్యెత్తి మళ్లీ చెప్పమనండి.

జ్యూరీలో కూర్చోబెట్టాక కేసు గురించి గూగుల్ చేయడం, వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క రాయడం కూడా నిషిద్ధం, ఇంట్లో మీ ఆవిడకైనా చెప్పకూడదు. ఇంకొకటి: "జ్యూరీకి రాలేదు, వారంట్ ఉంది, గిఫ్ట్ కార్డులతో జరిమానా కట్టు" అని ఫోన్ వస్తే పెట్టేయండి. ఏ కోర్టూ ఫోన్‌లో డబ్బు అడగదు. అనుమానముంటే సమన్స్ మీద అచ్చయిన నంబరుకి మీరే ఫోన్ చేయండి.