రేటు దగ్గర గెలిచి, తేమ దగ్గర ఓడావు

గుంటూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "క్వింటాకు రెండొందలు తగ్గించి కొన్నాను మామయ్యా" అని తెగ సంబరపడ్డావు. నువ్వు పంపిన ఎండుమిర్చి కాయ చూశాను. తేజ రకమే, రంగు కూడా బాగుంది. కానీ గుప్పిట్లో నలిపితే గలగలమనాల్సింది, మెత్తగా వంగింది. తేమ 14 శాతం దాకా ఉంటుందని నా అంచనా.

ఇప్పుడు లెక్క చూడు. 14 శాతం తేమున్న వంద కిలోల కాయను 10 శాతానికి ఆరబెడితే మిగిలేది తొంభై అయిదున్నర కిలోలే. క్వింటా 15 వేలు అనుకుంటే, ఆవిరైపోయిన నాలుగున్నర కిలోల ఖరీదు దాదాపు 670 రూపాయలు. రెండొందలు మిగుల్చుకోబోయి ఇంత పోగొట్టుకున్నావన్నమాట. ఆరబెట్టిన కూలి వేరే. ఆరబెట్టకపోతే బూజు.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. మిర్చి యార్డుకు కొత్తగా వెళ్లిన రోజుల్లో నేనూ అంతే. ఎండ మాడ్చేస్తోంది, ఆ ఘాటుకు తుమ్ములు ఆగడం లేదు, ఎప్పుడెప్పుడు బయటపడదామా అని ఉంది. పైన రెండు టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, విప్పి చూసి లాటంతా కొనేశాను. అడుగు టిక్కీల నిండా తాలు కాయ, రంగు పోయి తెల్లబడ్డ నాసిరకం. ఎవర్ని అంటాం, చూడకుండా కొన్నది నేను. ఆ దెబ్బతో రేటు మాట ఆఖరికి నెట్టాను. ముందు తేమ, తాలు, తొడిమలు, తూకం, డబ్బు ఎప్పుడిచ్చేది. అవి తేలాకే రేటు. రేటు ముందే ఒప్పేసుకుంటే తర్వాత తాలు గురించి అడిగినా "ఆ ధరకు ఇదే వస్తుంది" అంటారు, నీ దగ్గర జవాబుండదు.

రైతు దగ్గర మాత్రం ఆఖరి పది రూపాయల కోసం గింజుకోకు. అతను కోత కూలీలకు ఇచ్చుకోవాలి. సరుకు చూసి సరైన ధర చెప్పి, డబ్బు చెప్పిన రోజున ఇవ్వు. వచ్చే ఏడు మంచి కాయ ముందు నీకే చూపిస్తాడు.

ఇక నీ కారానికి బెజవాడ సూపర్ మార్కెట్ బేరం. నాకు అసలు టెన్షన్ దాంతోనే. రేటు బాగా ఇస్తున్నారని మురిసిపోతున్నావు గానీ, 60 రోజుల అరువు అన్నారు కదా? నువ్వు తెచ్చిన అప్పు రెండు రూపాయల వడ్డీ. రెండు నెలలకు నూటికి నాలుగు. నీకు మిగిలేదే నూటికి ఎనిమిది అన్నావు, అందులో సగం వడ్డీకే పోయింది. అమ్ముడుపోని ప్యాకెట్లు వెనక్కి తీసుకోవాలని కూడా ఒప్పందంలో ఉంటే మిగిలిన సగానికీ దిక్కులేదు.

నువ్వు కాయ కొని కారం ఆడించి అమ్ముతున్నావు కాబట్టి ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు, వెంటనే చేయించు. దానికి ఫీజు లేదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, నీలాంటి చిన్న తయారీదారుకు కొన్నవాళ్లు 45 రోజులు దాటి బాకీ పెట్టకూడదు, కాగితం మీద ఎన్ని రోజులు రాసుకున్నా సరే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. రోజూ సరుకేసే కొట్టు మీద కేసు పెట్టి ఏం బాగుపడతాం అంటావేమో, నిజమే. అందుకే ఆ మాట బాకీ పడ్డాక కాదు, ఒప్పుకోక ముందే నవ్వుతూ అనాలి. 30 రోజులకు డబ్బిస్తే రేటులో నూటికి ఒకటి తగ్గిస్తానను. నెల వడ్డీ రెండు మిగులుతుంది కాబట్టి నీకు నష్టం లేదు. ఒప్పుకోకపోతే రెండు రోజుల్లో చెబుతానని లేచి వచ్చెయ్యి.

ఆ కాగితం మీద సంతకం పెట్టకుండా ఆదివారం ఇంటికి పట్టుకురా, ఇద్దరం కలిసి చదువుదాం. కారం కాస్త బరకగా ఉందని మీ అత్తయ్య అంటోంది. ఇంకో అర కిలో తీసుకురా, ఈసారి మెత్తగా ఆడించి.

మీ మామయ్య