టెక్ సందేహాలు: యాప్ పచ్చగా ఉంది, ల్యాబ్ మాత్రం షుగర్ అంటోంది

ప్రశ్న: నాకు షుగర్ ఉందని పోయిన నెలే తేలింది. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 7.4 శాతం వచ్చింది. బ్లూటూత్ గ్లూకోమీటర్ కొన్నాను. మొన్న పొద్దున ల్యాబ్‌లో పరగడుపున 131 వస్తే, పది నిమిషాల తేడాతో నా మీటర్ 148 చూపించింది. యాప్ ఏమో నా సగటు 128, అంతా బాగుందని పచ్చరంగు చూపిస్తోంది. దేన్ని నమ్మాలి? మీటర్ మార్చేయనా, లేక సూది లేకుండా షుగర్ చూపే వాచీ కొనుక్కోనా?

జవాబు: మీటర్ మార్చకండి, వాచీ కొనకండి. ఇదే ప్రశ్న కాస్త అటూ ఇటూగా నాకు నెలనెలా వస్తూనే ఉంది, తప్పు అడిగేవాళ్లది కాదు, ఆ తెరలు తయారుచేసినవాళ్లది.

ఇంట్లో వాడే మీటర్లకు ఐఎస్‌ఓ 15197 అనే ప్రమాణం ఉంది. 2013లో వచ్చిన దాని ప్రకారం షుగర్ 100, ఆపైన ఉంటే ల్యాబ్ అంకెకి 15 శాతం అటూ ఇటూ, 100 లోపు ఉంటే 15 పాయింట్లు అటూ ఇటూ రావచ్చు. అదీ వంద రీడింగుల్లో 95కే, మిగతా ఐదు అంతకన్నా దూరం పోయినా మీటర్ పాసైనట్టే. మీ 131కి 15 శాతం అంటే దాదాపు 20, అంటే 111 నుంచి 151 దాకా ఏది వచ్చినా మీటర్ తన పని తాను చేసినట్టే. ఈ ముక్క డబ్బాలో మడతలు పెట్టిన కాగితం మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, తెర మీద మాత్రం 148 అని ఖరాఖండీగా కనిపిస్తుంది. "సుమారు" అనే ఒక్క మాట పెట్టడానికి వీళ్లకేం అడ్డమొచ్చిందో నాకు అర్థం కాదు.

అలాగని వాడేవాళ్లు బుద్ధిమంతులని కాదు. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచే ఉంచుతారు, తేమ తగిలిన స్ట్రిప్పు ఏదో ఒక అంకె చెబుతుంది. గడువు తీరినవి వాడతారు. ఓ సాయంత్రం నేనే పండు కోసి, చెయ్యి చొక్కాకి తుడుచుకుని గుచ్చుకుంటే 212 వచ్చింది. గుండె గుభేలుమంది. సబ్బుతో కడుక్కుని, పొడిగా తుడుచుకుని ఇంకో వేలికి చూస్తే 139. ఆ 212 నా ఒంట్లోది కాదు, వేలి మీదున్న పండు రసానిది. యాప్ మాత్రం దాన్ని భద్రంగా దాచి ఇప్పటికీ నా సగటులో కలుపుతోంది. తీసేసే బటన్ లేదు!

ఇక మీ పచ్చరంగు సంగతి. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో 22 రీడింగులున్నాయి, అన్నీ పొద్దున ఆరుకీ ఏడుకీ మధ్యవే. యాప్ మీరు గుచ్చుకున్నప్పటి అంకెల్నే కూడి భాగిస్తుంది, తిన్న తర్వాత ఎంత పెరిగిందో దానికేం తెలుసు? హెచ్‌బీఏ1సీ అలా కాదు, రెండు మూడు నెలలుగా రాత్రీ పగలూ రక్తంలో తిరిగిన షుగర్ హిమోగ్లోబిన్‌కి ఎంత అంటుకుందో చెబుతుంది. 7.4 అంటే సగటున దాదాపు 166తో సమానం. కాబట్టి 128కీ దీనికీ గొడవేం లేదు, మీ షుగర్ పెరిగేది మీరు చూడని వేళల్లో అన్నమాట. తిన్న రెండు గంటలకు ఎన్నిసార్లు చూసుకోవాలో డాక్టర్‌ని అడగండి. రక్తహీనత ఉంటే అదీ చెప్పండి, అప్పుడు హెచ్‌బీఏ1సీ కూడా తప్పుదారి పట్టించవచ్చు.

ఇంకో పాఠకుడిది మరీ విడ్డూరం. ల్యాబ్ కాగితం మీదున్న 7.4ని తీసుకెళ్లి యాప్‌లో షుగర్ అని రాసే గడిలో కొట్టాడు. ఆ యాప్ కొన్ని దేశాల్లో షుగర్‌కి వాడే మిల్లీమోల్ లెక్కలో ఉంది, దాన్ని మనం వాడే మిల్లీగ్రాముల్లోకి మార్చడానికి 18తో గుణించుకుని 133 అని నమోదు చేసుకుంది. శాతం వేరు, మిల్లీమోల్ వేరు, మిల్లీగ్రాములు వేరు. మీరు కొడుతున్నది ఏ లెక్క అని అడగని యాప్‌ని ఆరోగ్య యాప్ అని ఎలా అంటారు?

వాచీ గురించి రెండే ముక్కలు. చర్మాన్ని గుచ్చకుండా తనంతట తానే షుగర్ కొలిచే ఏ వాచీకీ, ఏ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. చర్మంలోకి సన్నని తీగ దించి అంటించుకునే సెన్సర్ వేరు, దాని అంకెని వాచీలో చూపించడం వేరు. ఆ సెన్సర్ కొలిచేది కూడా రక్తాన్ని కాదు, కణాల మధ్య ఉండే ద్రవాన్ని, అందుకే కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. అది వాడేవాళ్లు ఫోన్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ, కొత్త ఇయర్‌ఫోన్ కలిపిన ప్రతిసారీ షుగర్ పడిపోయినప్పుడు మోగాల్సిన అలారం ఇంకా మోగుతోందో లేదో చూసుకోవాలి. బ్యాటరీ పొదుపు పేరుతో ఫోన్ ఆ యాప్‌ని నిద్రపుచ్చేస్తుంది, మీరూ నిద్రలోనే ఉంటారు.

నాకు అసలు టెన్షన్ వేరే ఉంది, మీరు అడగకపోయినా చెబుతాను. మీటర్ మీ చేతిలో ఉంది, చుక్క మీది, ఫోన్ మీది. మధ్యలో ఈమెయిల్, మొబైల్ నంబర్, పుట్టినరోజు ఇచ్చి ఖాతా తెరవందే ఆ అంకె ఫోన్‌లో ఎందుకు కనపడదు? కొన్ని ఫోన్లలో బ్లూటూత్ కోసం లొకేషన్ అడగడం అర్థం చేసుకోవచ్చు, కాంటాక్ట్స్ ఎందుకు? నా షుగర్‌కీ మా బావమరిది నంబర్‌కీ సంబంధం ఏమిటి? ఇవ్వనని నొక్కండి, చాలా యాప్‌లు నోరు మూసుకుని పనిచేస్తాయి. పనిచేయకపోతే యాప్ తీసేసి నోటు పుస్తకంలో రాసుకోండి, డాక్టర్‌కి అది చాలు.

ల్యాబులూ తక్కువేం తినలేదు. నా రిపోర్టు ఓసారి ఎస్సెమ్మెస్‌లో లింకుగా వచ్చింది. తెరవడానికి పాస్‌వర్డ్ నా మొబైల్ నంబర్. ఆ లింకు చివర్లో ఉన్నది? నా మొబైల్ నంబరే. తాళంచెవిని తాళానికే కట్టి పంపారు. రాస్తే, "మీ సౌకర్యం కోసమే సార్" అని జవాబిచ్చారు. ఎప్పుడో బయటపడ్డ పాస్‌వర్డ్‌ని మార్చుకోవచ్చు, షుగర్ ఉందన్న సంగతి ఒకసారి బయటికి పోతే మార్చుకోవడానికేముంది? అందుకే పీడీఎఫ్ దించుకున్నాక లింకు ఉన్న మెసేజ్ ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. చాట్‌బాట్‌ని అర్థం అడగాలనిపిస్తే ఫొటో పెట్టకుండా అంకెలు మాత్రం టైప్ చేయండి.

అన్నట్టు, మీరు నాకు పంపిన రిపోర్టు మీద మీ పేరు, వయసు, ఫోన్ నంబర్, ల్యాబ్ ఐడీ అన్నీ ఉన్నాయి. నేను డిలీట్ చేశాను. ఇంకా ఎవరెవరికి పంపారో గుర్తుచేసుకుని వాళ్ల చేతా చేయించండి.